చలానాలో 190 మంది, గేటు దగ్గర 86 మంది: ఒక కాంట్రాక్ట్ లేబర్ కేసు

2023 సెప్టెంబర్ నెలాఖరు. తెల్లారుజామున నాలుగు దాటి పది నిమిషాలు. ఒక ఫ్యాక్టరీ హెచ్‌ఆర్ మేనేజర్ ఫోన్ చేశారు. "మేడం, నైట్ షిఫ్ట్‌లో ఒక కాంట్రాక్ట్ కుర్రాడి చెయ్యి రోలర్‌లో పడింది. పక్కనే ఉన్న ప్రైవేట్ ఆస్పత్రిలో చేర్చాం. ఈఎస్‌ఐ నంబర్ అడుగుతున్నారు. కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తట్లేదు."

ఆ కుర్రాడికి ఈఎస్‌ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా, నంబరే లేదని నాకు అప్పటికి తెలీదు. ఉందనే అనుకున్నాను. ఎందుకంటే ఆరు నెలల కిందట ఆ ఫ్యాక్టరీ కంప్లయన్స్ ఆడిట్, అంటే కార్మిక చట్టాలు పాటిస్తున్నారా అన్న తనిఖీ, చేసింది నేనే. కాంట్రాక్టర్ పీఎఫ్, ఈఎస్‌ఐ చలానాలు చూసి పక్కన టిక్ పెట్టిందీ నేనే. ఈ కేసు రాయడానికి అసలు కారణం ఆ టిక్కే.

ఊరు, ఫ్యాక్టరీ, మనుషులు గుర్తుపట్టే వివరాలు తీసేశాను. డబ్బుల లెక్కలు గుండ్రం చేశాను. తక్కినదంతా జరిగినట్టే రాస్తున్నాను.

నేపథ్యం

హైదరాబాద్ శివారు పారిశ్రామికవాడలో ప్యాకేజింగ్ సామగ్రి తయారుచేసే ఫ్యాక్టరీ. కంపెనీ రోల్స్‌లో 140 మంది. కాంట్రాక్టర్ ద్వారా 86 మంది. వీళ్లలో సగం మంది ఉత్తరాంధ్ర, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు, తక్కినవాళ్లు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. కాంట్రాక్టు 2022 నవంబర్‌లో మొదలైంది. కాగితం మీద పని 'లోడింగ్, అన్‌లోడింగ్, హౌస్‌కీపింగ్'.

రేటు ఎలా కుదిరిందో చెప్పాలి, ఎందుకంటే కథంతా అక్కడే ఉంది. ముగ్గురు కొటేషన్లు ఇచ్చారు. తలకు నెలకు 15,900 అన్న ఆయన్ని పర్చేజ్ హెడ్ బేరమాడి 15,300కి దించారు, జీఎస్‌టీ కాకుండా. అన్నీ కలిపి. నెలకు 51,600 ఆదా అయిందని ఆ నెల మీటింగ్‌లో ఆయన్ని మెచ్చుకున్నారు కూడా. బిల్లు ఇచ్చిన 45 రోజులకు డబ్బు అని షరతు.

మార్చి ఆడిట్‌లో కాంట్రాక్టర్ నాకు చూపించినవి మూడు: లేబర్ లైసెన్స్, 86 పేర్లున్న వేతన రిజిస్టర్, పీఎఫ్, ఈఎస్‌ఐ చలానాలు. పీఎఫ్ చలానాలో సభ్యుల సంఖ్య 190. ఆయనకు ఒకే పీఎఫ్ కోడ్, దాని కింద మూడు ఫ్యాక్టరీలకు మనుషుల్ని పెడుతున్నాడు. 190లో మన 86 మంది ఉంటారులే అనుకున్నాను. చలానాలో పేర్లుండవు. ఎంతమంది, ఎంత సొమ్ము అన్నంత వరకే ఉంటుంది. పేరుపేరునా, యూఏఎన్‌తో (ఒక్కో మనిషికి ఉండే పీఎఫ్ నంబర్) సహా వివరం ఉండేది ఈసీఆర్‌లో, అంటే నెలనెలా పీఎఫ్ పోర్టల్‌లో వేసే రిటర్న్‌లో. అది అడగలేదు. అదే చలానాను ఆయన మిగతా రెండు ఫ్యాక్టరీల్లోనూ చూపించి ఉంటాడన్న ఆలోచనే నాకు రాలేదు.

మొదటి రోజు

కుర్రాడికి 22 ఏళ్లు. జూలై 4న చేరాడని గేటు బయోమెట్రిక్ చెబుతోంది. లోడింగ్ కోసం తీసుకున్న మనిషి రాత్రి పూట రోలర్ దగ్గర ఏం చేస్తున్నాడు? ఆ షిఫ్ట్ ఆపరేటర్‌కు హెల్పర్ తక్కువైతే సూపర్‌వైజర్ "నువ్వు రా" అని పిలిచాడు. అంతే. ఆ సూపర్‌వైజర్ కంపెనీ మనిషి, కాంట్రాక్టర్ మనిషి కాదు. ఈ మాట తర్వాత మళ్లీ వస్తుంది.

పొద్దున ఎనిమిదింటికి నేను ఆస్పత్రికి వెళ్లేసరికి ఉంగరం వేలు, చిటికెన వేలు సగం పోయాయని డాక్టర్ తేల్చేశారు. కుర్రాడు మందుల మత్తులో ఉన్నాడు. వాళ్ల అన్న బయట బెంచీ మీద కూర్చుని ఒకటే అడుగుతున్నాడు, "బిల్లు మాదేనా?"

ఫ్యాక్టరీకి వచ్చాక గంటలో నా ముందుకు రెండు సలహాలు వచ్చాయి. రెండూ మంచి ఉద్దేశంతో ఇచ్చినవే, రెండూ తప్పే.

మొదటిది కాంట్రాక్టర్‌ది. అప్పటికి ఆయన ఫోన్ ఎత్తాడు. "మేడం, ఇప్పుడే పోర్టల్‌లో పెట్టేస్తాను. నిన్ననే చేరినట్టు చూపిద్దాం. పది నిమిషాల పని." మా రంగంలో ఇది పాత రోగమే. ప్రమాదం జరిగాక రిజిస్టర్ చేసి, చేరిన తేదీ ముందురోజుది వేయడం. నేను వద్దన్నదానికి కారణం నీతి ఒక్కటే కాదు. పోర్టల్‌లో నంబర్ పుట్టిన తేదీ, సమయం నమోదవుతాయి. ప్రమాదం తర్వాత పుట్టిన నంబర్ కనిపిస్తే ఈఎస్‌ఐ వాళ్లు విచారణకు రాక తప్పదు. అప్పుడు జూలై నుంచి ఉన్న బయోమెట్రిక్ ఒకటి చెబుతుంది, మన కాగితం ఇంకోటి చెబుతుంది. ఆలస్యంగా నమోదు చేయడం లోపం. దానికి వడ్డీ ఉంది, జరిమానా ఉంది, కట్టి బయటపడొచ్చు. అబద్ధపు తేదీ రాయడం అప్పటి ఈఎస్‌ఐ చట్టం సెక్షన్ 84 కింద నేరం. పైగా ఆ అబద్ధం బయటపడితే నష్టపోయేది కుర్రాడే.

రెండోది ప్లాంట్ హెడ్‌ది. "రెండు లక్షలిచ్చి సంతకం తీసుకుందాం మేడం, వాళ్లకీ ఊరట, మనకీ గోల ఉండదు." ఆయన కఠినుడేం కాదు. ఆస్పత్రిలో అడ్వాన్స్ కట్టింది ఆయన సొంత కార్డు మీదే. కానీ ఇది ఆయన ఇచ్చేదీ కాదు, కుర్రాడు వదులుకోగలిగేదీ కాదు. ఈఎస్‌ఐ వర్తించే మనిషికి పనిలో గాయమైతే తాత్కాలికంగా పని చేయలేని రోజులకు సగటు వేతనంలో 90 శాతం వస్తుంది. వేళ్లు పోయిన నష్టాన్ని మెడికల్ బోర్డు శాశ్వత వైకల్యంగా తేలిస్తే బతికినంత కాలం నెలనెలా వస్తుంది. ఇరవై రెండేళ్ల కుర్రాడికి అది రెండు లక్షలతో పోల్చే విషయం కాదు.

మరి కంట్రిబ్యూషన్ కట్టనే లేదు కదా, ఇస్తారా? అందరూ అడిగిన ప్రశ్న ఇదే. ప్రసవం, జబ్బు వంటి వాటికి ఇన్ని రోజులు కట్టి ఉండాలన్న లెక్క ఉంది. పనిలో గాయానికి ఆ లెక్క లేదు, ఉద్యోగంలో చేరిన రోజు నుంచే రక్షణ మొదలవుతుంది. భరగత్ ఇంజనీరింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏనాడో ఈ విషయం తేల్చింది. ఆ కార్మికుడి పేరు నమోదయ్యేలోపే ప్రమాదం జరిగింది. అయినా నమోదు తేదీ ముఖ్యం కాదని, చేరిన తేదీ నుంచి ఈఎస్‌ఐదే బాధ్యతని కోర్టు చెప్పింది. ఇక కట్టాల్సింది ఎవరు? అప్పటి ఈఎస్‌ఐ చట్టం సెక్షన్ 40 ప్రకారం కాంట్రాక్టర్ మనుషులకు సైతం మొదట కట్టాల్సింది ప్రిన్సిపల్ ఎంప్లాయరే, అంటే ఈ ఫ్యాక్టరీయే. తర్వాత సెక్షన్ 41 కింద కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకోవాలి.

కాబట్టి ఆరోజు చేసింది ఇది: జూలై 4 అని నిజమైన తేదీతో నమోదు, ప్రమాద నివేదిక ఫారం 12, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు నోటీసు. ప్రైవేట్ ఆస్పత్రి బిల్లు కంపెనీ కట్టేలా, డబ్బు వచ్చేదాకా నెల వేతనం అడ్వాన్స్‌గా ఇచ్చేలా ఒక ఉత్తరం. 'ఆలస్యానికి కారణం' గడిలో ఏం రాయాలని హెచ్‌ఆర్ మేనేజర్ అడిగారు. "కాంట్రాక్టర్ నమోదు చేయలేదు, మేము సరిచూసుకోలేదు" అని రాయమన్నాను. ఆయన పెన్ను కాసేపు గాల్లోనే ఆగింది.

నేను చేసిన రెండో తప్పు

ఒకడికి లేదంటే ఇంకెంతమందికి లేదో? ఆ మధ్యాహ్నమే కాంట్రాక్టర్‌కు నోటీసు ఇచ్చాం: ఏడు రోజుల్లో 2022 నవంబర్ నుంచి ఈసీఆర్‌లు, ఈఎస్‌ఐ కంట్రిబ్యూషన్ వివరాలు పేరుపేరునా ఇవ్వాలి. పద్ధతి ప్రకారం సరైన పనే. ఫలితం మాత్రం దక్కలేదు.

ఏడో రోజు ఆయన ఫైల్ తెచ్చాడు. ఆ నెలకు మాత్రం కొత్త పేర్లు చేరాయి. వెనక నెలలకు 61 పేర్లే. మిగతా 25 మంది ఏరి అంటే ఒక కట్ట తీసి బల్లమీద పెట్టాడు. వాటిలో 14 మంది తాము ఈ నెల ఒకటో తారీఖునే చేరామని సంతకాలు పెట్టిన కాగితాలున్నాయి. అన్నీ ఒకే చేతిరాత, ఒకే నీలం ఇంకు. సంతకాలే వేరు.

ఆ వారం రోజుల గడువు ఆయనకు ఇచ్చింది నేనే. పత్రాలు తయారుచేసుకోవడానికి గడువిచ్చి, తర్వాత పత్రాలు అడిగాను. నోటీసు ఇవ్వకముందే చేయాల్సిన పని ఒకటుంది: మన చేతిలో ఉన్న ఆధారాలను ముందు భద్రం చేసుకోవడం. అదృష్టం ఏమిటంటే గేటు బయోమెట్రిక్ కంపెనీది, సెక్యూరిటీ రూమ్ కంప్యూటర్‌లో ఉంది, కాంట్రాక్టర్ చెయ్యి దాని మీద పడలేదు. ఆ సాయంత్రమే పదకొండు నెలల డేటా కాపీ తీసి ఇద్దరి సంతకాలతో సీల్ చేశాం.

మూడు జాబితాలు

మర్నాడు మధ్యాహ్నం నుంచి రాత్రి పదకొండు వరకు మీటింగ్ రూమ్‌లో ఒకే పని. గేటు జాబితా, బిల్లుతో ఇచ్చిన వేతన రిజిస్టర్, ఈసీఆర్. మూడూ పక్కపక్కన పెట్టి ఒక్కో పేరూ చూడటం.

గేటులో 86. వేతన రిజిస్టర్‌లో 86, అందరికీ పీఎఫ్ 12 శాతం, ఈఎస్‌ఐ 0.75 శాతం కోసినట్టే ఉంది. ఈసీఆర్‌లో 61. అంటే 25 మంది జీతంలోంచి కోసిన సొమ్ము ఎక్కడా జమ కాలేదు. ఆ 61 మంది సంగతైనా సవ్యంగా ఉందా అంటే అదీ లేదు. 18 మందికి ఈసీఆర్‌లో ఎన్‌సీపీ రోజులు, అంటే పని చేయని రోజులు, నెలకు పదేసి చూపించాడు. గేటులో వాళ్లు 26 రోజులూ వచ్చారు. పది రోజుల పీఎఫ్ అలా ఎగిరిపోయింది. చలానా మాత్రమే చూసే మనిషికి ఇది జన్మలో దొరకదు.

జాబితాలతో సరిపెట్టుకోకుండా మనుషుల్ని కలవాలనుకున్నాను. సూపర్‌వైజర్లు లేకుండా, టీ టైమ్‌లో, క్యాంటీన్ వెనక రేకుల షెడ్డులో. పలిగిన గ్లాసున్న ఫోన్‌లో ఒకతను ఉమంగ్ యాప్ తెరిచి పాస్‌బుక్ చూపించాడు. చివరి జమ పాత కంపెనీది, 2021లో. ఇంకొకతనికి మూడు యూఏఎన్‌లు ఉన్నాయి, మూడు చోట్ల మూడు, దేనికీ ఆధార్ ముడిపడలేదు. కాంట్రాక్టర్ తెచ్చిన కాగితాల మీద సంతకాల గురించి అడిగితే ముందు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకామె, హౌస్‌కీపింగ్‌లో చేసే ఆమె, అంది: "గేట్ పాస్ కొత్తది వస్తుందన్నారమ్మా, పెట్టాం."

ఇక్కడ ఒక మాట. ఇదంతా కాంట్రాక్టర్ దొంగతనమే అని రాస్తే పాఠకులకు తేలిగ్గా ఉంటుంది కానీ నిజం అంత తేలికైంది కాదు. ఆ 25 మందిలో 11 మందికి ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకులో ఇంకో పేరు. 2021 నుంచి ఆధార్ కలవని యూఏఎన్‌కు ఈసీఆర్ వేయనివ్వరు. వాళ్ల విషయంలో ఆయన మొదట నిజంగానే ప్రయత్నించి, కుదరక వదిలేశాడు. వదిలేస్తే డబ్బు మిగులుతోందని తర్వాత అర్థమైంది. నలుగురైతే "నాకు కోత వద్దు, చేతికియ్యండి" అని తామే అడిగారట. ఆయన కోత ఆపలేదు, జమా చేయలేదు. అది వేరే సంగతి.

లెక్క

నేను బల్లమీద కాగితం పెట్టి అందరి ముందూ వేసిన లెక్క ఇది. కనీస వేతనం, డీఏ కలిపి 13,000 అనుకుందాం. దాని మీద యజమాని వాటా పీఎఫ్, ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో పాటు ఉండే జీవిత బీమా), అడ్మిన్ ఛార్జీలతో 13 శాతం, 1,690. ఈఎస్‌ఐ 3.25 శాతం, 423. బోనస్ 8.33 శాతం, 1,083. సెలవు వేతనం సుమారు 625. మొత్తం 16,821. ఇంకా కాంట్రాక్టర్ లాభం ఒక్క రూపాయి వేయలేదు. ఒప్పందం రేటు 15,300.

తలకు 1,521 తక్కువ. 86 మందికి నెలకు 1,30,806. కాంట్రాక్టర్ తన జేబులోంచి నెలకు లక్షా ముప్పై వేలు వేసి మనకు మనుషుల్ని పంపుతున్నాడా?

పంపడు. బోనస్, సెలవు వేతనం ఎవరికీ ఇవ్వలేదు, 86 మందిది 1,46,888. 25 మంది పీఎఫ్, ఈఎస్‌ఐ రెండు వాటాలూ కలిపి తలకు 3,771, అంటే 94,275. రెండూ కలిస్తే 2,41,163. అందులో లక్షా ముప్పై వేల లోటు పూడ్చుకోగా ఆయనకు 1,10,357 మిగిలింది. ఎన్‌సీపీ రోజుల సంగతి ఈ లెక్కలో కలపలేదు.

పర్చేజ్ హెడ్ ఆ కాగితం రెండుసార్లు చూశారు. ఏమీ అనలేదు. మాట్లాడింది కాంట్రాక్టరే, బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చి. "మేడం, ఈ రేటుకి న్యాయంగా చేసేవాడుంటే నాకు చూపించండి. వాడి దగ్గర సూపర్‌వైజర్‌గా చేరిపోతాను." ఇంకో మాటా అన్నాడు. బిల్లు 45 రోజులకు వస్తుంది, జీతాలు మాత్రం ఏడో తారీఖుకి ఇవ్వాలి. పది లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తున్నాడు. నెలకు ఇరవై వేలు వడ్డీకే. కార్మికుల పీఎఫ్ ఆయనకు వడ్డీలేని అప్పు అయింది.

దోషం ఆయనదే, సందేహం లేదు. కోసిన సొమ్ము కట్టకపోవడానికి ఏ లెక్కా సమాధానం కాదు. కానీ ఈ లెక్క రేటు ఒప్పుకున్న రోజే ఎవరైనా వేసి ఉండొచ్చు. అది చూస్తే దొంగతనం ఎక్కడ జరుగుతుందో అప్పుడే తెలిసేది.

వెంటనే తీసేయాలా?

యజమాని కోపం న్యాయమైనదే. "రేపటి నుంచి ఆ మనిషి గేటు లోపలికి రాకూడదు" అన్నారు. నేను నలభై రోజులు ఆగమన్నాను. కారణం వ్యవహారికం. పాత నెలల ఈసీఆర్ ఆయన కోడ్ కింద, ఆయన లాగిన్‌లో, ఆయన ఓటీపీతోనే వెయ్యాలి. తరిమేస్తే అవన్నీ ఆయనతోపాటే పోతాయి. అప్పుడు పీఎఫ్ పథకం పేరా 30 ప్రకారం మొత్తం ఫ్యాక్టరీయే కట్టాలి, కార్మికుల సర్వీస్ రికార్డు రెండు ముక్కలవుతుంది.

ఒప్పందంలో నష్టపూర్తి హామీ ఉంది కదా, వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద, అన్నారు యజమాని. ఉంది. అది కాంట్రాక్టర్ మీద దావా వేసుకోవడానికి పనికొస్తుంది. పీఎఫ్ ఆఫీసుకు, ఈఎస్‌ఐకి దాంతో పని లేదు.

మన చేతిలో ఉన్న అసలు బలం రెండు నెలల బిల్లులు. ఆగస్టుది, సెప్టెంబర్‌ది. ఆగస్టు జీతాలు ఆయన ఇచ్చేశాడు కాబట్టి ఆ 13,15,800 బిల్లులోంచి బకాయిలు కట్టించవచ్చు. 25 మందికి సగటున ఏడు నెలలు, సుమారు 6,60,000. ఎన్‌సీపీ కోత మరో రెండున్నర లక్షలు. వడ్డీ, డ్యామేజెస్ (ఆలస్యానికి వేసే జరిమానా) పీఎఫ్, ఈఎస్‌ఐ ఆఫీసుల వాళ్లు లెక్కగట్టి పంపుతారు, దానికి మిగతాది పట్టి ఉంచాలి. సెప్టెంబర్ బిల్లు ఆపితే మాత్రం ఆయన జీతాలు ఇవ్వడు, మనుషులు మానేస్తారు.

అందుకని సెప్టెంబర్ జీతాలు కంపెనీయే నేరుగా కార్మికుల ఖాతాల్లో వేయాలన్నాను. ఇక్కడ కంపెనీ లాయర్‌కు, నాకు గట్టి వాదన జరిగింది. నేరుగా జీతమిస్తే రేపు వాళ్లు "మేం కంపెనీ ఉద్యోగులమే, కాంట్రాక్టు బూటకం" అని లేబర్ కోర్టుకు వెళితే ఇదే సాక్ష్యం అవుతుందని ఆయన భయం. అనవసరమైన భయం కాదు. సెయిల్ (స్టీల్ అథారిటీ) కేసులో 2001లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత కాంట్రాక్టు రద్దయినంత మాత్రాన కార్మికులు కంపెనీవాళ్లయిపోరు, కానీ కాంట్రాక్టు ఉత్తుత్తిదని తేలితే అవుతారు. జీతం ఎవరిస్తున్నారు, పని ఎవరు చెబుతున్నారు, శిక్ష ఎవరు వేస్తున్నారు అన్నవే అక్కడ చూస్తారు. నా జవాబు ఒకటే. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే ప్రిన్సిపల్ ఎంప్లాయర్ ఇచ్చి తీరాలని అప్పటి 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టం సెక్షన్ 21(4) తానే చెప్పేది. ఆ సెక్షన్ పేరు రాసి, కాంట్రాక్టర్ రిజిస్టర్ ప్రకారమే, ఆయన బిల్లులో తగ్గించి ఇస్తే చట్టం పాటించినట్టు అవుతుంది, యజమానిగా ప్రవర్తించినట్టు కాదు. అలాగే చేశాం.

"మీరు భయపడాల్సింది జీతం గురించి కాదు, ఆ రోలర్ గురించి" అన్నాను లాయర్‌తో. లోడింగ్ కాంట్రాక్టు మనిషిని కంపెనీ సూపర్‌వైజర్ పిలిచి మెషీన్ మీద నిలబెట్టాడు. ఆ చట్టానికి మన రాష్ట్రంలో 2003లో వచ్చిన సవరణ ప్రకారం అప్పట్లో కోర్ యాక్టివిటీలో, అంటే ఏ పని కోసం ఆ సంస్థ పెట్టారో ఆ పనిలో, కొన్ని మినహాయింపులు తప్ప కాంట్రాక్ట్ లేబర్ నిషేధం. లోడింగ్, హౌస్‌కీపింగ్ దాని కిందికి రావు. మెషీన్ వస్తుంది. లెక్క తీస్తే 86లో 19 మంది రోజూ మెషీన్ల మీదే ఉన్నారు. కాంట్రాక్టు బూటకమని ఎవరైనా నిరూపించాలనుకుంటే జీతం కాగితం అక్కర్లేదు, ఆ షిఫ్ట్ చార్టు చాలు.

కట్టించిన రోజు

అక్టోబర్‌లో ఒక శుక్రవారం. కాంట్రాక్టర్, బావమరిది, ఆయన అకౌంట్స్ కుర్రాడు, నేను, హెచ్‌ఆర్ మేనేజర్. పొద్దున పదింటికి మొదలుపెట్టాం. నెలకో ఈసీఆర్, పదకొండు నెలలవి. ఒక్కో చలానా తయారు కాగానే ఆ మొత్తమే కంపెనీ ఆయన ఖాతాకు పంపడం, అక్కడే కూర్చుని ఆయన కట్టడం, రసీదు ప్రింట్ తీయడం. డబ్బు ఆయన ఖాతాలో పది నిమిషాల కన్నా ఎక్కువ ఉండకూడదని నా పట్టు. మధ్యాహ్నం రెండింటికి ఓటీపీలు రావడం ఆగింది. రిజిస్టరైన నంబర్ బావమరిదిదట, ఆయన భోజనానికని ఫోన్ తీసుకుని వెళ్లిపోయాడు. నలభై నిమిషాలు అందరం గోడ గడియారం చూస్తూ కూర్చున్నాం. రాత్రి ఎనిమిదిన్నరకు 14 మందివి పూర్తయ్యాయి. ఆధార్ తేడా ఉన్న 11 మందికి మరో ఐదు వారాలు పట్టింది. వాళ్లను సగం రోజు జీతంతో ఆధార్ కేంద్రానికి పంపమని నేను, పూర్తి జీతంతో పంపమని హెచ్‌ఆర్ మేనేజర్. ఆయన మాటే నెగ్గింది, అదే సరైంది.

కుర్రాడి విషయానికి వస్తే, ఈఎస్‌ఐ బ్రాంచి నుంచి విచారణకు వచ్చారు. బయోమెట్రిక్, షిఫ్ట్ చార్టు, జూలై నుంచి కట్టిన కంట్రిబ్యూషన్ చూశారు. ఆలస్యానికి కారణం గడిలో రాసిన వాక్యం చదివి ఆ అధికారి, "ఇలా ఎవరూ రాయరండీ" అన్నారు. రెండున్నర నెలలకు తాత్కాలిక వైకల్యం డబ్బు అతని ఖాతాలో పడింది. తర్వాత మెడికల్ బోర్డుకు పంపారు. ఇప్పుడు స్టోర్స్‌లో చేస్తున్నాడు, కంపెనీ రోల్స్‌లో.

తర్వాత ఏం మార్చాం

మెషీన్ల మీద ఉన్న 19 మందిని కంపెనీ రోల్స్‌లోకి తీసుకున్నారు. మిగిలిన 67 మందికి కొత్త కాంట్రాక్టర్. ఈసారి కొటేషన్‌లో కాంట్రాక్టర్లు పోటీపడింది సర్వీస్ ఛార్జ్ మీద మాత్రమే. వేతనం, పీఎఫ్, ఈఎస్‌ఐ, బోనస్, సెలవు మనమే కాగితం మీద వేసి ఇచ్చాం, వాటిలో బేరం లేదు. వేతనం మీద 6 శాతానికి కుదిరింది, తలకు 17,601. పాత రేటు కన్నా 2,301 ఎక్కువ. యజమాని చాలాసేపు గొణిగారు.

బిల్లు రెండు ముక్కలైంది. జీతాల ముక్క బ్యాంకు రుజువు చూపిన వారంలో ఇస్తారు, 45 రోజుల మాట లేదు. పీఎఫ్, ఈఎస్‌ఐ ముక్క ఈసీఆర్ పేర్లు గేటు పేర్లతో కలిశాకే. ఈఎస్‌ఐ నంబర్ లేని మనిషికి బయోమెట్రిక్ తెరుచుకోదు. ఆ జాబితాలు కలిపే పని హెచ్‌ఆర్‌లో ఒక అమ్మాయి చేస్తుంది, నెలకు రెండు గంటలు. నేను ఆడిట్‌కు వెళ్లినప్పుడు చలానా చివర చూస్తాను. ముందు షెడ్డుకు వెళ్లి ఐదుగురి ఫోన్లలో పాస్‌బుక్ చూస్తాను.

2025 నవంబర్ 21 నుంచి లేబర్ కోడ్‌లు వచ్చాయి, కాంట్రాక్ట్ లేబర్ నిబంధనలు 50 మంది, అంతకు మించి ఉంటేనే అని విని ఇద్దరు ముగ్గురు క్లయింట్లు ఉత్సాహంగా ఫోన్ చేశారు. మా దగ్గర నలభై మందే, ఇక గొడవ లేదు కదా అని. లైసెన్స్ సంగతి వేరు, పీఎఫ్, ఈఎస్‌ఐ సంగతి వేరు. ఆ రెండింటికీ కాంట్రాక్ట్ మనుషులు యాభై మంది ఉన్నారా లేదా అన్న లెక్కతో పని లేదు. సెక్షన్ల నంబర్లు మారాయి. కాంట్రాక్టర్ కట్టకపోతే ఎవరి తలుపు తడతారన్నది మారలేదు.

మొన్న నెల ఆ అమ్మాయి ఫోన్ చేసింది. బిల్లులో 69 మంది, ఈసీఆర్‌లో 67. "ఇద్దరి కోసం మొత్తం ఆపాలా మేడం?" మొత్తం కాదు, ఆ ఇద్దరిదే ఆపమన్నాను. ఒకతను కొత్త కాంట్రాక్టర్ మరిచిపోయిన మనిషి, ఆ మధ్యాహ్నమే ఎక్కించారు. రెండోతనికి ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బ్యాంకు పుస్తకంలో వెనక. నంబర్ రాలేదు, గేటు తెరుచుకోలేదు. బయట టీ కొట్టు దగ్గర కూర్చున్నాడట, ఈరోజు కూలి పోయినట్టేనా అని అడుగుతూ. గేటుకి నియమం పెట్టింది నేను, తప్పు అతనిది కాదు. ఆ రోజు కూలి కాంట్రాక్టర్ ఇవ్వాలని చెప్పాను. ఆయన తన సర్వీస్ ఛార్జ్‌లో అది లేదంటున్నాడు. ఆ మాటలు ఇంకా నడుస్తున్నాయి.